గంజి పెట్టిన జీన్స్

పోయిన వారం స్వరూపను గద్వాలలో, అత్తగారింటి వాకిట్లో నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ధరూర్ చేల నుంచి వచ్చి అప్పుడే స్కూటీ దిగింది. హెల్మెట్ తీయడం కూడా మరిచిపోయింది. నూలు పెట్టె వెనుక, ఎవరి కంటా పడదనుకుని సంచిలో దాచిన జీన్స్ ప్యాంటు వాకిలి నడుమ దండెం మీద ఉంది.

పక్కనే ఆరేసిన చీరలు గాలికి ఊగుతున్నాయి. ప్యాంటు మాత్రం ఊగడం లేదు. రెండు కాళ్లూ బిగదీసుకుని, చెక్కపలకలా, వీధిలో పోయేవాళ్లందరికీ ముఖం చూపిస్తూ ఉంది.

ఆ ఇంటి గడప జీన్స్ తొక్కకూడదు. అది జోగమ్మ పెట్టిన కట్టడి. జోగమ్మ స్వరూపకు అత్త, నేతగాడు మధుకు తల్లి. శిల్ప మధుకు అక్క. మగ్గం మీద కడుపు నిండని రోజుల్లో రాష్ట్రం సరిహద్దు దాటి ఒక జీన్స్ కార్ఖానాలో పనికి పోయింది. మగ్గం విడిచి పోయినవాళ్లతో తనకు మాటల్లేవన్నాడు మధు. ఏడాది తిరగకుండానే చేతులు పాడు చేసుకుని తిరిగొచ్చిన శిల్ప, ఒళ్లు కుదుటపడ్డాక వనపర్తిలో గది తీసుకుని జాకెట్లు కుట్టుకుంటోంది. మధు మాత్రం ఆమె పేరెత్తడం లేదు. ఆ గుడ్డ ఇక ఈ ఇంట్లోకి రావద్దని జోగమ్మ అప్పుడే అన్నది.

ఇవన్నీ తెలిసీ స్వరూప కొన్నది. విత్తనపత్తి చేలలో పూలు దాటించే పనికి, అంటే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు అద్దడానికి, పిల్లలను తెస్తున్నారేమో చూసి, బడికి మళ్లించే ఒక సంస్థలో ఆమె ఉద్యోగం. మొన్న చున్నీ స్కూటీ చక్రంలో చుట్టుకుని బోర్లా పడింది. ఇంట్లో గట్టు మీద కాలు జారిందని చెప్పింది. ఇన్‌ఛార్జి సాయినాథ్‌కు మాత్రం అసలు సంగతి తెలిసింది. సోమవారం నుంచి బండికి తగిన బట్టలతో వస్తేనే ఊళ్లకు పంపుతానని, లేకపోతే ఆఫీసులో కూర్చోవాలని, ధరూర్ వైపు ఊళ్లు ఇంకొకరికి ఇస్తానని ఖరాఖండిగా చెప్పాడు. ఆ ఊళ్లలో ఆమె బడికి పంపిన పిల్లలున్నారు. రేపో మాపో మళ్లీ చేలోకి జారిపోయేవాళ్లూ ఉన్నారు. అందుకే మీటింగుకని నాగర్‌కర్నూల్ పోయినప్పుడు దుకాణంలో అన్నిటికంటే చవకది తీసుకుని సంచి అడుగున పెట్టుకుంది.

ఇవాళ శనివారం.

"హెల్మెట్టు తీయ్. నెత్తి మీద కుండ పెట్టుకోని నిలవడితె నీతోని ఎట్ల మాట్లాడాలె?"

జోగమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ముందర కండెలు చుట్టే రాట్నం ఉంది కానీ తిరగడం లేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. స్వరూప హెల్మెట్ తీసి స్కూటీ మీద పెట్టింది.

"అత్తమ్మా, నేను చెప్దామనే..."

"నువ్వాగు. ముందుగాల నేను చెప్త. పెట్టె జరిపి ఊడుస్తుంటె సంచి కంటవడ్డది. నా పానం ఎట్లయిందో తెల్సా?" జోగమ్మ గొంతు తగ్గించింది. "నీకు, వానికి మాటల్లేవు. వాడు పొద్దుమూకంగనే గంజి క్యాన్ పట్టుకోని పోతడు, తిండి యాళ్లకు వస్తడు. నువ్వు పళ్లెం పెడ్తవ్, వాడు తింటడు. రేడియో బందువెట్టినట్లుంది ఇల్లు. గిసుంటప్పుడు పెట్టె ఎన్క సంచి! కోడేరు పోతున్నది, బిడ్డ యామినిని తీస్కోని పుట్టింటికి పోతున్నది అనుకున్న. గబగబ ముడి ఇప్పిన."

స్వరూప దండెం వైపు చూసింది.

"ఇప్పితె పాంటు!" జోగమ్మ గుండె మీద చేయి వేసుకోబోయి, మళ్లీ కొంగులోకి లాక్కుంది. "అమ్మయ్య, పాంటేనా అనుకున్న. నవ్వొచ్చింది కూడ. దేవునికి దండం పెట్టిన."

స్వరూప మెల్లగా వచ్చి మెట్టు మీద కూర్చుంది. తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషికి ఈ మాటలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి దానికి ఏం జేసినవ్ అత్తమ్మా? గట్ల కట్టె లెక్క అయింది?"

"ఏం జేస్త? కొత్త నూలుగుడ్డ ఇంట్లకొస్తె ఏం జేస్తం? తడుపుతం, గంజి పెడ్తం. నిన్న మధు క్యాన్ల పోసుకోని పోంగ ఇంత మిగిలిండె. పారబోసుడెందుకని పెట్టిన. మంచిగ పిసికి పిసికి పెట్టిన."

ఆ ఇంట్లో గంజి పెట్టకుండా ఏ నూలుగుడ్డా ఒంటికి ఎక్కదు. మగ్గం మీది పడుగు నుంచి యామిని గౌను దాకా అన్నిటికీ అదే మర్యాద. బియ్యం గంజిలో చుక్క పల్లినూనె, పురుగు పట్టకుండా చిటికెడు మెంతిపిండి. ఆ మెంతిపిండి జోగమ్మ సొంత ఆలోచన. గద్వాలలో ఇంకెవరూ వేయరని ఆమె గొప్పగా చెప్పుకుంటుంది. పొద్దుగూకేసరికి మధు ఆ గంజినే క్యాన్ నిండా పట్టుకుపోయేవాడు. షావుకారి మగ్గాలకని చెప్పేవాడు. మూడు వీధుల అవతలున్న మగ్గాల దగ్గర అంతసేపు ఏం పని అని స్వరూప అడిగింది. పని, అన్నాడు. మాటలు ఆగిపోయింది అక్కడే.

జోగమ్మ లేచి దండెం మీది ప్యాంటును మోచేతులతో ఎత్తి తెచ్చి అరుగు గోడకు ఆనించింది. అది పడిపోలేదు. నిలబడింది.

"సూడు, కుర్సీ ఎయ్యలేదని అలిగిన కొత్తల్లుని లెక్క ఎట్ల నిలవడ్డదో."

స్వరూపకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో ఇన్నాళ్ల బిగువంతా సడలిపోయి కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. జోగమ్మ కూడా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపి, కొంగులోంచి చేతులు తీసి కోడలి ముందు చాపింది.

"ఇగ నవ్వింది చాలు. ఇవి సూడు."

రెండు చేతులూ మణికట్ల దాకా నీలంగా ఉన్నాయి. గోళ్ల చుట్టూ, అరచేతి గీతల్లో రంగు ఇంకిపోయి ఉంది.

"చింతపండు పెట్టి రుద్దిన. శెనగపిండి పెట్టి రుద్దిన. పోతలేదు. ఒక్క పాంటు, ఒక్క పూట పిసికితె గిట్లయినై. శిల్ప బస్సు దిగినప్పుడు దాని చేతులు గిట్లనే ఉండె. గీ రంగుకు తోడు తోలు లేసి, గోర్లు నల్లగ. కొత్త పాంట్లు పాతగ కనవడాల్నని వాటి మీద రంగు ఇరిగే మందు కొట్టిపిచ్చేటోళ్లంట దానితోని. మూతికి గుడ్డ పేలిక కూడ ఇయ్యలేదంట. దగ్గి దగ్గి నా బిడ్డ దవాఖానల వడ్డది. అన్నం నేను కలిపి పెట్టిన, చిన్నపిల్లకు పెట్టినట్ల."

స్వరూప తల వంచుకుంది. ఆ కథ ఆమెకు తెలుసు. కానీ జోగమ్మ చేతుల మీద ఆ రంగును చూడడం వేరు.

"ఒక్కటడుగుత, కోపం చేసుకోకు," అంది జోగమ్మ. "నువ్వు చేన్ల పొంటి తిరిగి రైతులను ఏమడుగుతవ్? ఈ పువ్వు ఎవరితోని దాటిపిస్తున్నవ్, పిల్లలతోనా అని నిలవెట్టి అడుగుతవ్. నువ్వే చెప్తవ్ గద రోజు. మరి నాగర్‌కర్నూల్ దుకాణంల గిది కొనేటప్పుడు ఎవరు కుట్టిన్రు, ఎవరు రంగుల ముంచిన్రు అని అడిగినవా?"

"అడగలే," అంది స్వరూప. కొలత అడిగింది. ధర అడిగింది. తగ్గించమని అడిగింది. అంతే.

"అడిగినా దుకాణమాయనకు తెల్వదు అత్తమ్మా. కానీ అడగాలె. అది నా తప్పే. ఇగ అసలు సంగతి విను. నేను గట్టు మీద జారలే. చున్నీ చక్రంల వడ్డది."

"ఏందీ!"

మిగిలినదంతా చెప్పేసింది. సాయినాథ్ సార్ మాట, సోమవారం గడువు, ధరూర్ ఊళ్లు. "అంత చేసి దాస్కుంటి గద, అది నాకు పట్టనే పట్టలే. గుండీ పెట్టుకుంటె యామిని పుట్టినప్పటి ఆపరేషన్ కుట్ల మీద ఒత్తుతది. వంగి కూసుంటె సూదితోని పొడిచినట్లయితది. సలువార్లు సుత గాలికి పొంగుకోని చక్రం దిక్కు పోతున్నయ్. ఏం ఏసుకోవాల్నో నాకు సమజైతలేదు."

జోగమ్మ నీలం చేతిని కోడలి పొట్ట దాకా తెచ్చి, రంగు అంటుతుందని మధ్యలోనే ఆపేసింది.

"ఆ కుట్లు ఇంక నొస్తయా? చెప్పొద్దా నాకు? రాళ్ల ఉప్పు కాపడం పెడ్తుంటి గద." లోపలికి పోయి ఫోన్ పట్టుకొచ్చింది. "మధుకు చెప్పకు. శిల్పకు చేస్త. ఎవరి చేతులు కాలకుంట కుట్టిన పాంట్లు యాడన్న దొరుకుతయేమో, తెలిస్తె దానికే తెలుస్తది."

ఫోన్ మోగిన చాలాసేపటికి శిల్ప ఎత్తింది. వెనుక కుట్టుమిషన్ల చప్పుడు. జోగమ్మ సంగతి చెప్పింది. అటువైపు మిషన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది.

"అమ్మా, నువ్వు తిట్టనంటె ఒక మాట చెప్త."

"చెప్పు."

"నేను జాకెట్లు కుడ్తలేను. పాంట్లే కుడ్తున్న."

స్వరూప అత్త ముఖం వైపు చూసింది. ఆ ముఖంలో కోపం వస్తుందా, ఏడుపు వస్తుందా అని ఎదురు చూసింది. జోగమ్మ ఫోన్‌ను గట్టిగా పట్టుకుని ఒకే మాట అడిగింది.

"నీ చేతులెట్లున్నయ్?"

"వచ్చి సూడు."

*

ఆదివారం పొద్దున బీచుపల్లి హనుమంతుని దర్శనానికి పోతున్నామని మధుకు చెప్పి, ఇద్దరూ వనపర్తి బస్సెక్కారు. యామినిని వాడకట్టులో తిమ్మమ్మ దగ్గర వదిలారు. బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటుతుంటే, గుడి వైపు తిరిగి జోగమ్మ రెండు చెంపలూ వేసుకుంది. "సామీ, నీ పేరు చెప్పి అబద్ధమాడిన. వచ్చే శనివారం నిజంగనే వస్త."

శిల్ప గది బస్టాండుకు దగ్గరే. రెండు పెద్ద కిటికీలు, నాలుగు మిషన్లు. గోడకు ఒక ఫ్యాను ఎదురుగా తిరుగుతోంది. జోగమ్మ చెప్పులు విడిచి లోపలికి వస్తూనే కూతురి ముఖం కూడా చూడలేదు. రెండు చేతులూ పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయి తిప్పి తిప్పి చూసింది. గోళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. చూపుడు వేలి మీద సూది గుచ్చుకున్న గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. తర్వాత మిషన్ల ముందున్న ముగ్గురి చేతులూ అలాగే చూసింది.

"అక్కా, మీ అమ్మ చేతులు సూసి జాతకం చెప్తదా?" అంది వాళ్లలో పద్మజ అనే పడుచు.

"మా అమ్మ సంగతేమో గాని, మా మరదలు మొదలువెట్టిందంటె నువ్వు ఆగలేవు, ఉండు," అంది శిల్ప.

ఆమె అన్నట్టే స్వరూప అప్పటికే మొదలుపెట్టింది. ఎప్పుడొస్తారు, ఎప్పుడు పోతారు, ఒంట్లో బాగలేకపోతే ఎట్లా, పిల్లలెవరు చూస్తారు. చేలో రైతులను అడిగే గొంతే అది. పద్మజ దారం తెంపుతూ చెప్పింది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇల్లు చేరుతారట. ఎవరు ఎన్ని కుడితే అంత కూలి, ఏ వారానిది ఆ వారమే.

"మందు కొట్టుడు?" అడిగింది స్వరూప.

"ఈ గదిల మందు మాటే లేదు," అంది శిల్ప. "రంగు గట్టిగ పట్టిన నూలే తెప్పిస్త, అది మల్ల పోదు. కొత్తది కొత్తదాని లెక్కనే ఉంటది. పాతగ కావాల్నంటె ఏసుకున్నోళ్లే ఏసుకోని ఏసుకోని పాతగ చేసుకోవాలె. నడువు, నీకు కుట్టింది తొడిగి సూడు."

రాత్రి ఫోన్‌లో విన్నదాన్ని బట్టి శిల్ప అప్పటికే ఒకటి కుట్టి ఉంచింది. ముందు భాగంలో గుండీ లేదు. వెడల్పాటి పట్టీ, గుండీ పక్కకు జరిపి తుంటి ఎముక మీదుగా పెట్టింది. వెనుక నడుముకు సన్నగా ఎలాస్టిక్. తెర చాటుకు పోయి తొడుక్కున్న స్వరూప, అలవాటుగా పొట్ట లోపలికి పీల్చుకుని, పీల్చాల్సిన అవసరం లేదని గ్రహించి వదిలేసింది. కూర్చుంది. లేచింది. స్కూటీ మీద కాలు వేసినట్టు స్టూలు మీద కాలు వేసి చూసింది. ఎక్కడా ఒత్తలేదు. ఎన్నాళ్లుగానో ఆమె కొలతకు లోకంలో ఏదీ లేదనుకుంది. ఇక్కడ ఉంది.

బయటికి వచ్చేసరికి జోగమ్మ పైనుంచి కిందికి చూసి, "కాలుకు కాలు ఆడుతుంది. పడవు," అంది. అది ఒప్పుకోవడమే.

"ఎంత వదినె?"

"ఎనిమిది నూర్లు. నీకనే కాదు, అందరికీ గంతే."

స్వరూప పర్సు తీయబోయి ఆగింది. ప్యాంటు అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. మిల్లు గుడ్డ కాదిది. నేతవాళ్ల కోడలిగా ఆమాత్రం తెలుసు. చేత్తో నేసింది, చిక్కగా, ఓపికగా.

"ఇది మగ్గం గుడ్డ వదినె. ఎనిమిది నూర్లకు గుడ్డే రాదు, కుట్టు కూలి యాడికెల్లి వస్తది? వీళ్లకు సక్కగ ఇస్తున్నవ్, మంచిది. మరి నేసినాయనకు ఏమిస్తున్నవ్?"

శిల్ప సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టింది. సూదిలో అప్పటికే దారం ఉంది.

"నూలు పైసలిస్త. కూలి వాడు తీస్కోడు."

"కూలి వద్దనే నేతగాడు యాడుంటడు? ఎవరాయన?"

గది మూలన, ఇంకా విప్పని కొత్త తాను పక్కన కూర్చున్న జోగమ్మ దాని కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. నేతవాళ్లు గుడ్డను చూసే పద్ధతే అది. ఒకసారి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"స్వరూపా, ఇటు రా. ఇది సూడు."

స్వరూప వంగి వాసన చూసింది. పల్లినూనె. దాని వెనుక సన్నగా, చేదుగా, మెంతిపిండి.

పొద్దుగూకేసరికి గంజి క్యాన్ పట్టుకుని మధు పోయే వీధి ఆమె కళ్ల ముందు మెదిలింది. మూడు వీధుల అవతలున్న మగ్గాలు, అన్నం వేళకు అలసిపోయి వచ్చే ముఖం, 'పని' అన్న ఒక్క మాట. అక్కతో మాటల్లేని మనిషి. ఇన్ని రోజులుగా ఆమె ఎన్నెన్ని ఊహించుకుంది! గుండె మీది బండరాయి దొర్లిపోయినట్టయి, స్వరూప గోడకు ఆనుకుని పెద్దగా ఊపిరి తీసుకుంది.

అప్పుడే కత్తెర బల్ల మీద శిల్ప ఫోన్ మోగింది. శిల్ప దాన్ని అందుకునేలోపే, రోజూ అలవాటైన పద్మజ వేలితో నొక్కి స్పీకర్ పెట్టేసింది. గది నిండా మధు గొంతు.

"అక్కా, ఇంకో తాను దిగింది. రేపు బస్సులేస్త. అమ్మ, స్వరూప బీచుపల్లి పోయిన్రు, అందుకే పొద్దుగాలనే కూసున్న. నాయిన మగ్గం ఏమన్న ఆడుతుందా! ఇన్నేండ్లు తాళమేసి ఉంచినా ఒక్క పోగు తెంపుతలేదు. దానికి పడుగెక్కించిన్నని అమ్మకు మాత్రం చచ్చినా చెప్పకు."

భర్త హనుమంతు పోయిన రోజున పాత ఇంటి మగ్గం గదికి జోగమ్మ తన చేతులతోనే తాళం వేసింది. ఆయన కూర్చున్న చోట ఇంకెవరూ కూర్చోవద్దంది. తాళంచెవి ఒక్కటే ఉంది. అది స్నానానికి కూడా ఆమె నడుము విడవదు.

జోగమ్మ ఎడమచేయి నడుము దగ్గరికి పోయి తడిమింది. తాళంచెవి అక్కడే ఉంది.

"అక్కా? ఇంటున్నవా?" అంటున్నాడు మధు.

జోగమ్మ లేచి, ఫోన్ కోసం కుడిచేయి చాపింది. ఆ అరచేతి గీతల్లో నీలం ఇంకా పోలేదు.